విడుదలకు ముందే పాట హిట్టో కాదో చెప్పే రిపోర్ట్‌కు డబ్బు కట్టొచ్చా?

ప్రశ్న

అందరికీ నమస్తే. మాది కరీంనగర్ దగ్గర. నేను, మా దోస్తులు కలిసి ఫోక్ బీట్‌తో ఒక ప్రైవేట్ సాంగ్ చేశాం. రికార్డింగ్ అయిపోయింది, మిక్సింగ్ నడుస్తోంది, షూటింగ్ ఇంకా మొదలుపెట్టలేదు. ఇంతలో ఒక కంపెనీ వాళ్లు ఫోన్ చేశారు. పాట ఫైల్ పంపిస్తే వాళ్ల ఏఐ సాఫ్ట్‌వేర్ విని, హిట్టయ్యే అవకాశం వందకు ఎంతో రిపోర్ట్ ఇస్తుందట. 97 శాతం కరెక్ట్‌గా చెబుతుందంటున్నారు. ఫీజు 15 వేలు. శాంపిల్‌గా ఒక రిపోర్ట్ కూడా పంపారు. టెంపో ఎంత, ఎనర్జీ ఎంత, డాన్స్‌కు ఎంత పనికొస్తుంది, మూడ్ ఎంత హుషారుగా ఉంది, అన్నిటికీ అంకెలున్నాయి. చివర్లో పెద్దగా ఒక స్కోర్. చూస్తుంటే నమ్మబుద్ధవుతోంది.

మా అందరి డబ్బూ కలిపితే లక్షన్నర. షూటింగ్, ప్రమోషన్ అన్నీ అందులోనే అవ్వాలి. స్కోర్ తక్కువొస్తే షూటింగ్ ఆపేద్దామని మావాడు ఒకడు అంటున్నాడు. ఇవి నిజంగా పనిచేస్తాయా? తెలిసినవాళ్లు చెప్పండి. చాలా టెన్షన్‌గా ఉంది.

జవాబు (డేటా సైన్స్ ఉద్యోగంలో ఉన్న సభ్యురాలు)

కట్టొద్దు తమ్ముడూ. ఆ 15 వేలు షూటింగ్‌లో పెట్టుకో. ఆ రిపోర్ట్‌లో ఉన్నవన్నీ అబద్ధాలు కావు, నమ్మబుద్ధి అయ్యేది కూడా అందుకే. కాబట్టి కాస్త వివరంగా రాస్తున్నాను.

టెంపో, ఎనర్జీ లాంటి అంకెలు నిజమైనవే. స్పాటిఫై ఏళ్ల తరబడి తన దగ్గరున్న పాటలకు ఈ అంకెలు లెక్కగట్టి డెవలపర్లకు ఇచ్చింది. 2024 నవంబరులో కొత్త యాప్‌లకు ఇవ్వడం ఆపేసినా, పాత డేటా ఇంటర్నెట్‌లో దొరుకుతూనే ఉంది. ఇంజనీరింగ్ ఫైనలియర్ పిల్లలు ‘హిట్ సాంగ్ ప్రిడిక్షన్’ ప్రాజెక్టులు చేసేది దాంతోనే. పాటను కొలవడం పెద్ద పనేం కాదు. కొలిచిన ఆ అంకెలను బట్టి జనం వింటారో లేదో ఎంతవరకు తెలుస్తుందన్నదే అసలు సంగతి.

ఈ వ్యాపారం కొత్తది కూడా కాదు. 2000ల మొదట్లోనే స్పెయిన్‌లోని బార్సిలోనాలో ఒక కంపెనీ ‘హిట్ సాంగ్ సైన్స్’ పేరుతో ఇలాంటి సాఫ్ట్‌వేర్ తెచ్చింది. 2008లో ఫ్రాన్స్వా పాషె, పియెర్ రోయ్ అనే పరిశోధకులు దాదాపు 32 వేల పాటల డేటాతో పరీక్షించి చూశారు. పాటలోని లక్షణాలను బట్టి అది ఎంత పాపులర్ అవుతుందో అప్పటి పద్ధతులు చెప్పలేకపోతున్నాయని తేల్చారు. హిట్ సాంగ్ సైన్స్ ఇంకా సైన్స్ కాలేదని పేపర్‌కు పేరే అలా పెట్టారు.

ఇక ఆ 97 శాతం. ఒక నెలలో వంద ప్రైవేట్ సాంగ్స్ వచ్చి, వాటిలో మూడు హిట్టయ్యాయనుకో. నేను ఒక్క పాటా వినకుండా వందకు వందా ఫ్లాప్ అని రాసిచ్చినా 97 కరెక్ట్ అవుతాయి. నీకు కావాల్సిన ఆ మూడింటిలో మాత్రం ఒక్కటీ పట్టుకోలేదు. అందుకే వాళ్లను అడగాల్సింది శాతం కాదు. ‘మీరు హిట్ అని చెప్పినవి ఎన్ని, అందులో నిజంగా హిట్టయినవి ఎన్ని?’ అని అడుగు.

ఇదే అంకెతో 2023లో ఒక పరిశోధన పేపర్ కూడా వచ్చింది. 33 మందికి 24 పాటలు వినిపించి, వాళ్ల శరీర స్పందనల డేటాను మెషీన్ లెర్నింగ్‌కు ఇచ్చి, 97 శాతం కచ్చితత్వం సాధించామన్నారు. ప్రిన్స్‌టన్ యూనివర్సిటీకి చెందిన సయాష్ కపూర్, అరవింద్ నారాయణన్ పరిశీలిస్తే లొసుగు బయటపడింది. 24 పాటల డేటా చాలదని దాని నుంచే కృత్రిమంగా వేల నమూనాలు పుట్టించారు. మెషీన్‌కు నేర్పడానికి కొన్ని, పరీక్షించడానికి కొన్ని అని విడదీసింది ఆ తర్వాత. అంటే నేర్చుకున్న పాటలే కొద్ది తేడాతో పరీక్షలోకీ వచ్చాయి. లీకైన క్వశ్చన్ పేపర్‌తో పరీక్ష రాసినట్టన్నమాట. నీకు ఫోన్ చేసిన వాళ్లు ఏం చేశారో నాకు తెలీదు. కానీ ఈ రంగంలో 97 అని ఎవరన్నా నేను ముందు చూసేది ఇక్కడే.

అడిగిన సభ్యుడు

థ్యాంక్స్ అక్కా. ఒక డౌట్. వాళ్ల సాఫ్ట్‌వేర్ బాగాలేదు సరే. రేపు ఇంకా మంచిది వస్తే చెప్పగలదా? అసలు పాటలోనే ఏదో ఉంటుంది కదా, లేకపోతే కొన్ని పాటలే ఎందుకు ఎక్కుతాయి?

జవాబు (అదే సభ్యురాలు)

మంచి ప్రశ్న. దీనికి నాకు తెలిసినంతలో అన్నిటికంటే గట్టి సమాధానం మాథ్యూ సాల్గానిక్, పీటర్ డాడ్స్, డంకన్ వాట్స్ చేసిన ప్రయోగం. 2006లో ‘సైన్స్’ పత్రికలో వచ్చింది. జనానికి పెద్దగా తెలియని బ్యాండ్ల పాటలు 48 తీసుకుని ఒక వెబ్‌సైట్‌లో పెట్టారు. 14 వేల మందికి పైగా వచ్చి విన్నారు, నచ్చినవి డౌన్‌లోడ్ చేసుకున్నారు. కొంతమందికి పాటలు మాత్రమే కనిపించాయి, ఎవరు ఏం తీసుకున్నారో తెలియదు. మిగతావాళ్లను ఎనిమిది గుంపులుగా విడదీసి, తమ గుంపులో ఏ పాటకు ఎన్ని డౌన్‌లోడ్లు వచ్చాయో చూపించారు.

అన్ని గుంపుల్లోనూ అవే పాటలు. అన్నీ సున్నా నుంచే మొదలయ్యాయి. అయినా ఒక గుంపులో హిట్టయిన పాట ఇంకో గుంపులో కాలేదు. ఎవరి ప్రభావమూ లేకుండా విన్నవాళ్ల దగ్గర 26వ స్థానంలో ఉన్న ఒక పాట, ఒక గుంపులో నంబర్ వన్ అయింది. మరో గుంపులో 40వ స్థానానికి పడిపోయింది. పాటలో ఒక్క స్వరం మారలేదు. మొదట్లో వచ్చిన కొద్దిమంది దేన్ని డౌన్‌లోడ్ చేశారో అది చూసి తర్వాతివాళ్లు, వాళ్లను చూసి ఇంకొందరు అటు వెళ్లారు.

అలాగని పాట బాగుండటంతో పనే లేదనుకోకు. బాగా నచ్చిన పాటలు అడుక్కి పోవడం అరుదు, అస్సలు నచ్చనివి పైకి రావడమూ అరుదు. మధ్యలో ఉన్న బోలెడు పాటలకు ఏదైనా జరగొచ్చు. సాఫ్ట్‌వేర్ ఎంత మంచిదైనా వినేది నీ ఆడియో ఫైల్‌నే. రేపు దాన్ని మొదట ఎవరు వింటారో, ఎవరికి షేర్ చేస్తారో ఆ ఫైల్‌లో ఉండదు.

మన దగ్గరే చూడు. ‘బుల్లెట్టు బండి’ 2021 ఏప్రిల్‌లో వచ్చింది. అప్పటికే వినేవాళ్లున్నారు. కానీ ఆగస్టులో ఒక పెళ్లికూతురు ఊరేగింపులో ఆ పాటకు డాన్స్ చేసిన వీడియో పాకిపోయాక ఊరూరా బరాత్‌లలో అదే పాట. ఏప్రిల్‌లో ఏ మెషీన్‌కు ఆ పాట ఇచ్చినా ఆగస్టులో ఆ పెళ్లి గురించి అదెలా చెబుతుంది?

మరో సభ్యుడు

మరి పెద్ద హీరోల సినిమా పాట వస్తే ఇది హిట్టని మనమే ముందు చెప్పేస్తాం కదా? చాలాసార్లు నిజమవుతుంది కూడా.

జవాబు (అదే సభ్యురాలు)

అవును, ఎందుకంటే అక్కడ మనం అంచనా వేసేది ఒక్క పాటనే కాదు. హీరో, మ్యూజిక్ డైరెక్టర్, సినిమా ప్రమోషన్, అన్నీ ముందే ఉంటాయి. 1985 నుంచి 2015 వరకు బ్రిటన్‌లో విడుదలైన ఐదు లక్షల పాటల మీద చేసిన అధ్యయనం ఒకటి 2018లో వచ్చింది. పాట శబ్ద లక్షణాలకు తోడు ‘ఈ ఆర్టిస్ట్ ఈమధ్యే టాప్ చార్ట్‌లో ఉన్నారా’ అనే ఒక్క సమాచారం కలిపితే అంచనా చెప్పుకోదగ్గంత మెరుగైంది. సినిమా హిట్లు చూపించి నేర్పిన మెషీన్ నీ ప్రైవేట్ సాంగ్‌ను అంచనా వేస్తే తప్పుదారి పట్టేది ఇందుకే. ఆ హిట్ల వెనకున్న హీరో నీ పాట వెనక లేడు.

జవాబు (హైదరాబాద్‌లో రికార్డింగ్ స్టూడియో నడిపే సభ్యుడు)

అక్క చెప్పినదంతా కరెక్ట్. నేను పని విషయం చెబుతా. విడుదలకు ముందు తెలుసుకోగలిగింది చాలా తక్కువ, విడుదలయ్యాక రెండు వారాల్లో తెలిసేది చాలా ఎక్కువ. కాబట్టి డబ్బంతా ముందే ఖర్చు పెట్టకు తమ్ముడూ. కనీసం మూడో వంతు విడుదల తర్వాతకు దాచుకో.

ముందుగా ఒక మాట. పాట వినిపించి ‘ఎలా ఉంది?’ అని ఎవర్నీ అడగొద్దు. మొహమాటానికి బాగుందనే అంటారు. మొహమాటం లేనిచోట కూడా ఆ మాట పనికిరాదు. అమెరికాలో ఎమొరీ యూనివర్సిటీకి చెందిన గ్రెగరీ బర్న్స్ టీనేజ్ పిల్లలకు కొత్త పాటలు వినిపించి, ఎంత నచ్చాయో మార్కులు వేయించాడు, మెదడు స్కాన్లు కూడా తీశాడు. తర్వాత మూడేళ్ల అమ్మకాలు చూస్తే, పిల్లలు వేసిన మార్కులకూ అమ్మకాలకూ సంబంధం కనబడలేదు. మెదడు స్పందనకు కొంచెం సంబంధం ఉంది, అదీ బలహీనంగానే. నోటితో చెప్పేది వేరు, లోపల జరిగేది వేరు. అందుకని మాటలు వదిలేసి మనుషుల్ని చూడు. నలుగురున్న చోట పాట పెట్టి ఊరుకో. ఎవరైనా ‘మళ్లీ పెట్టు’ అంటున్నారా, మర్నాడు ఎవరి నోట్లోనైనా పల్లవి ఆడుతోందా, ఫైల్ పంపమని వాళ్లంతట వాళ్లే అడుగుతున్నారా?

విడుదలయ్యాక యూట్యూబ్ స్టూడియోలో రిటెన్షన్ గ్రాఫ్ తెరువు. వ్యూస్ కంటే ముందు చూడాల్సింది అది. ఏ సెకనులో ఎంతమంది మిగిలారో గీత రూపంలో ఉంటుంది. నా దగ్గరికొచ్చే ఫోక్ పాటల్లో చాలావాటికి మొదట్లో అర నిమిషం డప్పు, ఫ్లూట్, డ్రోన్ షాట్లు, టైటిల్స్. గీత అక్కడే గబుక్కున పడిపోతుంది. పల్లవి వచ్చేసరికి సగం మంది ఉండరు. పాట బాగున్నా వినేవాడు దాని దాకా రావడం లేదన్నమాట. మీ మిక్సింగ్ ఇంకా నడుస్తోంది కాబట్టి ఇది ఇప్పుడే సరిచేసుకోవచ్చు. ఇంట్రో తగ్గించి పల్లవిని ముందుకు తీసుకురండి. గీతలో ఎక్కడైనా మధ్యలో గుట్టలా లేచిందనుకో, జనం ఆ ముక్కను వెనక్కి తిప్పి మళ్లీ చూస్తున్నారని అర్థం. షార్ట్స్, రీల్స్ ఆ ముక్కతోనే చేయాలి, మీకు నచ్చిన ముక్కతో కాదు.

రెండోది, ఇన్‌స్టాగ్రామ్‌లో మీ ఆడియో మీద ఎవరు రీల్స్ చేస్తున్నారో చూడు. డబ్బులిచ్చి చేయించినవి, దోస్తులవి పక్కన పెట్టు. ముక్కూమొహం తెలియనివాళ్లు చేసినవి రోజురోజుకూ పెరుగుతున్నాయంటే దాచిన డబ్బు తీయాల్సిన సమయం వచ్చినట్టే. అసలు పెరగడం లేదంటే ఎంత పోసినా వ్యూస్ కొంటావు తప్ప వినేవాళ్లు రారు. ప్రకటనలతో వచ్చిన వ్యూస్‌ను 2019 సెప్టెంబరు నుంచి యూట్యూబ్ కూడా తన మ్యూజిక్ చార్టుల్లో లెక్కలోకి తీసుకోవడం లేదు.

మరో సభ్యురాలు

అయితే షూటింగ్ లేకుండా ముందు లిరికల్ వీడియో వదిలి చూడటం మేలు కదా? ఖర్చు కొద్ది వేలల్లో అయిపోతుంది.

జవాబు (స్టూడియో సభ్యుడు)

మెలొడీ పాటకైతే ఒప్పుకుంటా. ఫోక్ బీట్‌కు నేను వద్దంటా. ఆ పాటను జనం చూస్తారు, స్టెప్పు నేర్చుకుంటారు, తర్వాత బరాత్‌లో వేస్తారు. లిరికల్ మాత్రమే వదిలి స్పందన లేదని ఆపేస్తే మంచి పాటను చేతులారా చంపుకున్నట్టు. మధ్యేమార్గంగా పల్లవి వరకు ఒక్కరోజులో, ఒక్క లొకేషన్‌లో షూట్ చేసి ప్రోమో వదలండి. స్టెప్పు మామూలు మనుషులు వేయగలిగేలా ఉండాలి, ఇది కొరియోగ్రాఫర్‌కు ముందే చెప్పండి. దాని స్పందన చూసి చరణాల షూటింగ్‌కు వెళ్లండి. ఇంకో మాట, చుట్టుపక్కల డీజేలకు ఆడియో ఫైల్ ఇచ్చి రండి. పెళ్లిళ్ల సీజన్‌లో వాళ్లు ఒక్క రాత్రికి ఎన్ని పాటలు మార్చి చూస్తారో, దేనికి జనం కదులుతారో వాళ్లకు తెలిసినంత ఏ రిపోర్ట్‌కూ తెలియదు.

అడిగిన సభ్యుడు

అందరికీ చాలా థ్యాంక్స్. ఇంట్రో మాది 35 సెకన్లు ఉంది, మిక్సింగ్ అన్నతో మాట్లాడి తగ్గిస్తున్నాం. కంపెనీ వాళ్లు మాత్రం మళ్లీ ఫోన్ చేశారు. పాత హిట్ పాటలకు వాళ్ల సాఫ్ట్‌వేర్ ఇచ్చిన స్కోర్లు చూపిస్తామంటున్నారు. అవి చూస్తే ఏమైనా తెలుస్తుందా?

జవాబు (డేటా సైన్స్ సభ్యురాలు)

ఏమీ తెలియదు. హిట్టయిన పాటను చూసి హిట్టని ఎవరైనా చెబుతారు, ఆ పాటలు సాఫ్ట్‌వేర్‌కు ముందే నేర్పి ఉండొచ్చు కూడా. వాళ్లకు ఇలా చెప్పు: వచ్చే వారం విడుదలయ్యే ప్రైవేట్ సాంగ్స్ ఇరవై తీసుకోండి, పేరున్న ఛానెళ్లవి, చిన్న ఛానెళ్లవి కలిపి. విడుదలకు ముందే ఒక్కోదానికి స్కోర్ రాసి, తేదీ వేసి మాకు మెయిల్ చేయండి. హిట్ అంటే ఎన్ని వ్యూస్ అన్నది కూడా ఇప్పుడే రాయండి. రెండు నెలల తర్వాత కలిసి చూద్దాం, నిజమైతే అప్పుడు ఫీజు కడతాం. ఒప్పుకుని మెయిల్ పంపితే తేదీ కనిపించేలా స్క్రీన్‌షాట్ ఇక్కడ పెట్టు, లెక్క నేను చూసిపెడతాను. అప్పటిదాకా మాత్రం మీ షూటింగ్ ఆపొద్దు.