బెంగళూరు–విశాఖ: ఒక పెట్టె 19 కిలోలు, అదనపు రుసుము పడుతుందా?

ప్రశ్న: అమ్మానాన్నలతో విశాఖకు విమాన ప్రయాణం. ముగ్గురికీ ఒకే పీఎన్ఆర్, చెక్-ఇన్ మనిషికి 15 కిలోలు. ఒక పెట్టె 19 కిలోలు, మిగతా రెండూ తేలిక. అదనంగా కట్టాలా? అసలు కిలోల లెక్కన వసూలు న్యాయమేనా?

జవాబు 1: ఒకే పీఎన్ఆర్ అయితే చాలా సంస్థలు ముగ్గురిదీ కలిపి 45 కిలోలుగా చూస్తాయండి. ముగ్గురూ ఒకే కౌంటర్‌కి కలిసే వెళ్లండి. టికెట్లు విడిగా కొంటే ఈ వెసులుబాటు పోతుంది. కొన్ని సంస్థల్లో మనిషికి ఒక్క బ్యాగే, కాబట్టి నాలుగోది కట్టకండి. బరువు దాటేలా ఉంటే ముందే ఆన్‌లైన్‌లో కొనండి, కౌంటర్ దగ్గర రేటు ఎక్కువ.

జవాబు 2: న్యాయం సంగతికొస్తే, అదనపు బరువు మోయడానికి, ఆ బరువులో సుమారు 3 శాతమంత ఇంధనం గంటకు ఖర్చవుతుంది. గంటన్నర ప్రయాణంలో 4 కిలోలకి అది 200 గ్రాములలోపే! కిలోకి వందల రూపాయలు ఇంధనం ఖర్చు కానే కాదు, అది సంస్థ ఆదాయం. అందుకే నాకిది అన్యాయంగానే కనిపిస్తుంది. ఒక్క పెట్టెకి 32 కిలోల పరిమితి మాత్రం సబబే, దాన్ని ఎత్తేది మనుషులు.

జవాబు 3: కొక్కెం తూనిక లేకపోతే, పెట్టె పట్టుకుని ఇంట్లో బరువు మిషన్ ఎక్కండి, తర్వాత ఖాళీ చేతులతో ఎక్కి తీసివేయండి. ఒక కిలో తక్కువే ఉంచుకోండి, రెండు తూనికలు ఒకేలా చూపవు. పవర్‌బ్యాంక్ క్యాబిన్ బ్యాగులోనే. ఆవకాయ సీసాలు చెక్-ఇన్‌లో, రెండు కవర్లు చుట్టి.