బతుకమ్మ 2026, మ్యూనిక్: డేట్ ఈ వారంలో ఫిక్స్ చేద్దాం

హాల్ టీమ్:
అందరికీ నమస్తే అండి. హాల్ వాళ్ళు మూడు శనివారాలు ఇస్తామన్నారు, అక్టోబర్ 3, 10, 17. ఇండియా నుంచి అమ్మానాన్నల్ని పిలిపించుకునేవాళ్ళు "ఏ నెలలో రమ్మనాలి" అని ఒకటే అడుగుతున్నారు, మనం డేట్ చెప్తేగానీ వాళ్ళు టికెట్లు కొనుక్కోలేరు. నా ఓటు 17కి. 3 మాత్రం అస్సలు వద్దు, ఈసారి అక్టోబర్‌ఫెస్ట్ (ఇక్కడి పెద్ద బీర్ జాతర) సెప్టెంబర్ 19 నుంచి అక్టోబర్ 4 దాకా, అంటే అది చివరి శనివారం. 2025లో మనకి వేరే దారి లేకపోయింది, ఫెస్ట్ సెప్టెంబర్ 20న మొదలైతే బతుకమ్మ 21న మొదలైంది, హోటల్ రూముల రేట్లు ముట్టుకుంటే కాలేలా ఉండె, బయటి ఊళ్ళ వాళ్ళు చాలామంది అదే రాత్రి వెనక్కి బయల్దేరారు. ఈసారి జ్యేష్ఠం అధికమాసం వచ్చింది కాబట్టి పండగ లేటు, దసరా అక్టోబర్ 20. ఈ ఛాన్స్ ప్రతి ఏడూ దొరకదు.

రిజిస్ట్రేషన్లు:
3న జర్మన్ యూనిటీ డే సెలవు కదా అన్నా, దూరం నుంచి వచ్చేవాళ్ళకి ఈజీ అనుకున్నా.

వంటల టీమ్:
సెలవు శనివారం పడింది తమ్ముడూ, ఎవరికీ ఒక్క రోజు కూడా కలిసిరాదు. పైగా శని ఆది రెండు రోజులూ షాపులు బంద్, పెరుగు తక్కువైనా కొత్తిమీర తక్కువైనా పరిగెత్తడానికి చోటుండదు, సత్తుపిండి, మలీద ముందే చేసుకోవచ్చు గానీ పెరుగన్నం, పులిహోర అదే పొద్దున కలపాలి. ఇంకోటి, 3 అంటే మహాలయ పక్షాల మధ్యలో, పెద్దవాళ్ళు ఒప్పుకోరు. నాకైతే 10 గానీ 17 గానీ ఓకే.

పూల టీమ్:
10నాడు మొదటి రోజు ఎంగిలిపూల బతుకమ్మ, శనివారమే పడ్డది, మనసైతే అటే గుంజుతుంది. కానీ ఒక్క వారం ఆగి 17న పెడితే ఆఖరి రోజు సద్దుల బతుకమ్మ దగ్గరికొస్తది, జనం ఎక్కువ వచ్చేది దానికే. నా భయమంతా పూల గురించే. తంగేడు ఈడ ఎట్లాగూ దొర్కదు, గునుగు సెలోసియా పేరుతోటి నర్సరీలల్ల కుండీలల్ల దొర్కుతది, బంతి, డాలియా బాల్కనీలల్ల, తోటలల్ల ఉంటయ్ గానీ ఒక్క రాత్రి మంచు గడ్డకడితే డాలియాలు తెల్లారేసరికి నల్లగైతయ్, అక్టోబర్ నడుమ అది ఎప్పుడన్నా కావచ్చు, ఊరి బయట రోడ్డు పక్కన పైసలు డబ్బాల వేసి మనమే కోసుకునే పూల మళ్ళు కూడా అప్పటికి చాలావరకు అయిపోతయ్. అందుకే 17 అంటే, బంతి ఇంట్ల పెంచేటోళ్ళు కుండీలల్లనే పెట్టుండ్రి, చలి ఎక్కువున్న రాత్రి లోపలికి తెచ్చుకోవచ్చు. చామంతికి ఫికర్ లేదు, చలికి అది ఆగుతది. ఇసార్ నదిల బతుకమ్మలు వేసుడు గురించి ఎవరూ ముందే ప్రకటన పెట్టకుండ్రి, నేనైతే హాల్ ముందర పెద్ద నీళ్ళ టబ్ పెడదామంట.

వీసా హెల్ప్:
పేరెంట్స్ సంగతి నేను చెప్తా, దయచేసి అందరూ చదవండి. షెంగెన్ టూరిస్ట్ వీసా మీద 180 రోజుల్లో 90 రోజులే, దిగిన రోజూ వెళ్ళే రోజూ రెండూ లెక్కలోకే వస్తాయి. జూలై 20న దిగితే అక్టోబర్ 17 తొంభయ్యో రోజు, అంటే బతుకమ్మ ఆడాల్సిన రోజే ఎయిర్‌పోర్ట్‌లో ఉండాలి. ఒకటి రెండు రోజులు ఎవరు చూస్తార్లే అనే మాట ఇక చెల్లదు, బోర్డర్ దగ్గర కొత్త ఎంట్రీ ఎగ్జిట్ సిస్టమ్ వచ్చిన తేదీ, వెళ్ళిన తేదీ కంప్యూటర్‌లో ఎక్కించుకుని తనే లెక్క పెట్టేస్తుంది. వీసా స్టిక్కర్ మీద ఇంకా తక్కువ రోజులు రాసి ఉంటే అదే ఫైనల్.

రిజిస్ట్రేషన్లు:
మరి ఎప్పుడు దిగమనాలి అక్కా? మా అమ్మకి కూడా అడుగుతున్నా.

వీసా హెల్ప్:
నన్నడిగితే ఆగస్టు చివరి వారం. జూన్ జూలైల్లో రాత్రి తొమ్మిది దాకా వెలుగుంటుంది నిజమే గానీ సాయంత్రం ఉన్నట్టుండి ఉరుములు వడగళ్ళు, పిక్నిక్ అంతా ఆగం. బవేరియాలో స్కూళ్ళకి సెప్టెంబర్ 14 దాకా సెలవులే, మనవలు ఇంట్లోనే ఉంటారు, కొండలు, కోనిగ్‌సే సరస్సు అన్నీ అప్పుడే తిప్పేయండి. ఫెస్ట్ ఉన్న రెండు వారాలు సాయంత్రాలు ఫెస్ట్ దగ్గరి స్టేషన్లు థెరీసియన్‌వీసె, హాకర్‌బ్రూకె వైపు రైళ్ళలో పెద్దవాళ్ళని తీసుకెళ్ళకండి, ఆ గుంపులో కాలు పెట్టడానికి చోటుండదు. తర్వాత బతుకమ్మ చూసుకుని అక్టోబర్ ఆఖర్లో వెళ్ళిపోతే హాయి. నవంబర్ నాకు అస్సలు నచ్చదు, గడియారం వెనక్కి తిప్పాక ఐదింటికే చీకటి, ఆకులుండవు, మంచూ ఉండదు. క్రిస్మస్ మార్కెట్ చూడాలంటే నవంబర్ చివర్లో రమ్మనాలి, కానీ అప్పుడు బతుకమ్మ పోయినట్టే.

సౌండ్, స్టేజ్:
17న ఆరున్నరలోపే పొద్దు పోతుంది. బయట ఆడాలంటే నాలుగింటికి మొదలవ్వాలి, మన టైమింగ్ తెలుసు కదా, కాబట్టి పోస్టర్ మీద మూడు అని వేయండి. పది తర్వాత సౌండ్ ఎలాగూ బంద్.

వంటల టీమ్:
పట్టుచీరల మీద జాకెట్లు తెచ్చుకోమని కూడా వేయండి, మధ్యాహ్నం 14 డిగ్రీలున్నా పొద్దు పోయాక చేతులు కొంకర్లు పోతాయి. టీ ఫ్లాస్కులు డబుల్ పెడుతున్నా.

హాల్ టీమ్:
సరే, 3 తీసేశా. 10, 17 మధ్య పోల్ పెట్టా, ఆదివారం రాత్రి దాకా టైమ్, సోమవారం అడ్వాన్స్ కట్టేయాలి. న్యూరెంబర్గ్, ఔగ్స్‌బర్గ్ వాళ్ళకి బయర్న్ టికెట్ (బవేరియా లోకల్ రైళ్ళలో ఒక రోజు తిరిగే టికెట్) సంగతి పోస్టర్‌లో రాయండి, ఐదుగురు కలిసి ఒకే టికెట్ మీద రావచ్చు, శని ఆదివారాల్లో మామూలు రోజుల్లాగా పొద్దున తొమ్మిదిదాకా ఆగే పని కూడా లేదు. కుండీల్లో బంతి పెంచేవాళ్ళు పేర్లు కింద పెట్టండి.

పూల టీమ్:
నాయి నాలుగు కుండీలు రాస్కో.