మేకులు నిండిన పాత స్థలంలో డిస్క్రిమినేషన్ పెట్టాలా, తీసేయాలా?

కొత్తకాయిల్
అందరికీ నమస్కారం. కూలిపోయిన పాత ఇళ్లున్న ఒక స్థలంలో యజమాని అనుమతి తీసుకుని మెటల్ డిటెక్టర్‌తో పాత నాణేలు, గుండీలు వెతుకుతున్నాం. అడుగడుక్కీ మేకే. మిషన్ ఈక్వినాక్స్ 800, కాయిల్ (నేల మీద ఊపే చక్రం) దానితో వచ్చిన 11 అంగుళాలది. డిస్క్రిమినేషన్‌తో ఇనుమంతా రిజెక్ట్ చేస్తే, అంటే ఇనుము వినిపించకుండా పెడితే, మిషన్ దాదాపు మౌనం. హార్స్‌షూ బటన్ నొక్కి అంతా తెరిస్తే ఒకటే గోల, మధ్యలో తెర మీద మంచి లోహాన్ని సూచించే 20ల్లో, 30ల్లో నంబర్లు మెరిసి మాయమవుతున్నాయి. రికవరీ స్పీడ్ 8కి పెట్టమని ఒకరంటే, 4 దాటొద్దని ఇంకొకరు. ఐరన్ బయాస్ విషయంలోనూ అంతే. ఎవరి మాట పట్టుకోవాలి? వట్టి నంబర్లు కాకుండా కారణం కూడా చెప్పండి.

తుప్పుచెవి
ముందు ఆ రిజెక్ట్ తీసేయండి. రిజెక్ట్ పెట్టినంత మాత్రాన మేకు నేలలోంచి పోదు కదండీ. కాయిల్‌కి అది అందుతూనే ఉంటుంది, మీకు వినిపించకుండా మిషన్ నోరు నొక్కేస్తుంది, అంతే. కాయిల్ కింద ఒకే క్షణంలో మేకూ రాగి నాణెమూ ఉంటే రెండు సిగ్నళ్లూ కలిసిపోతాయి. ఆ కలిసినదాన్ని మిషన్ ఇనుమని తేల్చిందా, మేకుతో పాటు నాణెం కూడా మూగబోయినట్టే. మాస్కింగ్ అనేది ఇదే. పైగా ఇనుము అయస్కాంతానికి స్పందించే లోహం, చిన్న ముక్క కూడా తన సైజుకి మించి అరుస్తుంది.

రెండు టోన్లు పెట్టుకోండి, ఇనుముకి ఒకటి, మిగతా లోహాలకి ఒకటి. ఇనుము టోన్‌ని అడుక్కి దించి దాని వాల్యూమ్ బాగా తగ్గించండి, 800లో అది విడిగా మార్చుకోవచ్చు. ఇనుము వెనకాల సన్నగా గురగురమంటూ ఉంటుంది. అందులోంచి తెగినట్టు ఒక చిన్న టిక్ పైకి లేస్తే అక్కడ ఆగాలి. రిజెక్ట్ పెడితే చాలాసార్లు ఆ టిక్ కూడా వినపడదు. ఇంకో మాట. ఇనుము ఎక్కడ చిక్కగా ఉందో వినపడితేనే ఇల్లు ఎక్కడ నిలబడిందో తెలుస్తుంది. మనుషులు తిరిగిన చోటే గుండీలు, నాణేలు జారిపడతాయి. మౌనంగా ఉన్న మిషన్ ఆ మ్యాప్ ఇవ్వదు.

నిదానం
తుప్పుచెవి అన్నా, మాస్కింగ్ గురించి మీరు చెప్పింది అక్షరాలా నిజం. నాకు పేచీ ఆచరణ దగ్గరే. కొత్తవాళ్లకి గంటసేపు ఆ గురగుర వింటే చెవి మొద్దుబారుతుంది. మీరన్న టిక్ వచ్చినా పట్టుకోలేరు, రెండో గంటకి టెన్షన్ పెరిగి కాయిల్ పరుగెత్తిస్తారు. మీకు అలవాటు కాబట్టి తేలిగ్గా అనేశారు.

నా లెక్కలో అసలు సమస్య సెట్టింగ్ కాదు, కాయిల్. మేకులు జానెడు దూరంలో ఒకటి ఉన్న చోట 11 అంగుళాల కాయిల్ కింద ఎప్పుడూ రెండు మూడు ఉంటాయి. ఏ నంబర్ మార్చినా ఆ నిజం మారదు. 6 అంగుళాల కాయిల్ వేయండి, డిఫాల్ట్ డిస్క్రిమినేషన్ అలాగే ఉంచండి, ఊపు తగ్గించండి. ప్రతి ఊపు ముందుదాని మీద సగం పడాలి. లోతు కొంత పోతుంది, పోనివ్వండి. మేకుల మధ్య అరచెయ్యి లోతులో దాక్కున్నవే మనకి ముందు కావలసినవి.

తరంగం
ఇద్దరూ ఐరన్ బయాస్ వదిలేశారు, కొత్తకాయిల్ గారు అడిగిందే అది. కాస్త పొడుగ్గా రాస్తాను.

రికవరీ స్పీడ్ అంటే మిషన్ ఒక సిగ్నల్ ముగించుకుని రెండోదానికి ఎంత త్వరగా సిద్ధమవుతుందన్నది. ఎక్స్‌పీ డ్యూస్ అనే ఇంకో మిషన్‌లో దీన్నే రియాక్టివిటీ అంటారు. పెంచితే మేకు మోత చప్పున ఆగిపోయి పక్కనున్న గుండీకి విడిగా చోటు దొరుకుతుంది. కానీ ఒక్కో సిగ్నల్ వినే సమయం తగ్గుతుంది కాబట్టి లోతులోవి బలహీనపడతాయి, శబ్దం కూడా పొట్టిగా, పొడిగా వస్తుంది. అందుకే 8 పెట్టేవాళ్లు చిక్కటి ఇనుములో వెతుకుతుంటారు, 4 అనేవాళ్లు ఖాళీ పొలంలో లోతు కోసం చూస్తుంటారు. ఇద్దరూ తమ నేల గురించి నిజమే చెప్తున్నారు. మీ స్థలానికి 6, 7 దగ్గర మొదలుపెట్టండి.

ఐరన్ బయాస్ వేరే పని చేస్తుంది. కొంత ఇనుములా, కొంత మంచి లోహంలా వచ్చే అనుమానపు సిగ్నల్‌ని ఎటు నెట్టాలో అది నిర్ణయిస్తుంది. పెంచితే ఇనుము వైపు నెడుతుంది, నేల ప్రశాంతంగా ఉంటుంది. కానీ మేకుని ఆనుకున్న నాణెం ఇచ్చేది సరిగ్గా అలాంటి అనుమానపు సిగ్నలే. తగ్గిస్తే అది బయటికొస్తుంది, దాని వెంటే అబద్ధపు సిగ్నళ్లూ వస్తాయి. డ్యూస్‌లో సైలెన్సర్, నోక్తా లెజెండ్ మిషన్‌లో ఐరన్ ఫిల్టర్ కూడా ఈ బేరం మీదే నడుస్తాయి. డిస్క్రిమినేషన్ మొత్తం తెరిచి, బయాస్ మాత్రం పైన ఉంచితే తుప్పుచెవి గారు చెప్పిన ఆ టిక్ రావడం కష్టం. నేనైతే 0 నుంచి 2 మధ్య ఉంచి, అబద్ధాల్ని చెవితో ఏరుకుంటాను.

కొత్తకాయిల్
తరంగం గారూ, అబద్ధాల్ని ఏరడమే నా వల్ల కావట్లేదు. నిన్న 37 చూపించినదాన్ని తవ్వితే వంగిన మేకు. పక్కనే ఇంకో 36, అది ఇనుప రేకు.

తరంగం
వాటికి కారణాలు వేరు. రేకు, వాషర్, గుర్రపు నాడా లాంటి వెడల్పాటి లేదా గుండ్రటి ఇనుములో సుడి ప్రవాహాలు (కాయిల్ వల్ల లోహంలో పుట్టే విద్యుత్తు) బలంగా తిరిగి మంచి లోహంలా అనిపిస్తాయి. రేకుకి సిగ్నల్ వెడల్పుగా ఉంటుంది, కాయిల్ పైకెత్తినా అరుస్తూనే ఉంటుంది.

వంగిన మేకు సంగతి ఇలా తేల్చండి. సిగ్నల్ మీద చిన్న చిన్న ఊపులు వేస్తూ దాని చుట్టూ నెమ్మదిగా నడవండి. 90 డిగ్రీలు తిరిగేసరికి మేకైతే పై శబ్దం మాయమై అడుగు టోన్ మిగులుతుంది, లేదా నంబర్ ఒక్కసారిగా 10, 15 గెంతుతుంది. తర్వాత వస్తువు సరిగ్గా ఎక్కడుందో చూపే పిన్‌పాయింట్ బటన్ నొక్కండి. పై శబ్దం వచ్చిన చోటూ పిన్‌పాయింట్ మధ్యభాగమూ ఒకటేనా? మేకు విషయంలో చాలాసార్లు అవి నాలుగు వేళ్ల వెడల్పు పక్కకి పోతాయి, ఎందుకంటే ఆ శబ్దం మేకు కొస దగ్గర పుడుతోంది. మేకు పక్కనున్న గుండీ కూడా ఒక దిక్కున మూగబోవచ్చు, కానీ పలికిన దిక్కున నంబర్ అంతగా చెదరదు, మళ్లీ మళ్లీ అక్కడే పలుకుతుంది. సీసపు గుండైతే మరీ నిలకడ.

నిదానం
ఈ చివరి పేరా మొత్తం ఒప్పుకుంటున్నాను. బయాస్ 0 మాత్రం ఒప్పుకోను. ప్రతి అనుమానం చుట్టూ తిరగాలంటే పొద్దుగుంకేసరికి ఒక గది వైశాల్యం కూడా అవదు. 4 దగ్గర ఉంచి, బాగా పలికిన చోట మాత్రమే 0కి దించి రెండోసారి చూడటం మేలు.

తుప్పుచెవి
ఒక గది వైశాల్యమే అవ్వనివ్వండి నిదానం గారూ! అందరూ తిరిగి ఖాళీ అని వదిలేసిన నేలలో మిగిలినవి ఆ అనుమానాల కిందే ఉన్నాయి. పలకని చోట 0కి దించే అవకాశమే మీ పద్ధతిలో లేదు.

పలక
ఇద్దరి మాటా ఇంట్లోనే పరీక్షించుకోవచ్చు. చెక్క పలక మీద మధ్యలో ఒక నాణెం, చుట్టూ నాలుగు మేకులు వేర్వేరు కోణాల్లో పెట్టండి. నాలుగు దిక్కుల నుంచి కాయిల్ ఊపండి. ఒక్కసారికి ఒక్క సెట్టింగే మార్చండి: ముందు రికవరీ స్పీడ్, దాన్ని వెనక్కి తెచ్చాక బయాస్, ఆ తర్వాత కాయిల్. మూడూ కలిపి మార్చితే ఏది పనిచేసిందో తెలియదు.

తరంగం
మంచి అభ్యాసమే, కానీ పలక మీద అన్నీ ఒకే మట్టంలో ఉంటాయి. నేలలో నాణెం నాలుగంగుళాల కింద, మేకు అంగుళం కింద ఉంటుంది. దగ్గరగా ఉన్న మేకుదే పైచేయి. పలక మీద బ్రహ్మాండంగా పలికిన సెట్టింగ్ అక్కడ ఓడిపోతుంది. పలక కింద నాణెం, పైన మేకు పెట్టి కూడా చూడమనండి. ఖనిజాలు ఎక్కువున్న నేలైతే గ్రౌండ్ బ్యాలెన్స్ (నేల సొంత సిగ్నల్‌ని మిషన్ పట్టించుకోకుండా సర్దడం) చేసుకోకుండా ఏ పరీక్షా లెక్కలోకి రాదు. సెన్సిటివిటీ (ఎంత సన్నటి సిగ్నల్‌ని మిషన్ పట్టుకోవాలన్నది) 25కి తోసి గోల అనుకునేవాళ్లు ముందు 18, 19కి దించి చూడాలి. ఆ గోలలో కొంత మేకుల తప్పు కానే కాదు.

కొత్తకాయిల్
సెన్సిటివిటీ 23లో ఉంది. దించుతాను. 6 అంగుళాల కాయిల్ అడిగి తెచ్చుకుంటున్నాను. అంతా తెరిచి ఇనుము వాల్యూమ్ తగ్గించడం, బయాస్ 2, స్పీడ్ 7తో మొదలుపెడతా. నిదానం గారూ, చెవి అలిసినప్పుడు మీ డిఫాల్ట్‌కి వెళ్తాను.

తుప్పుచెవి
చెవి అలిస్తే మిషన్ ఆపేయండి, డిఫాల్ట్‌కి వెళ్లొద్దు. ఇంకోటి, తవ్విన ఇనుము మళ్లీ గుంతలో వేయకండి, సంచిలో వేసుకుని బయటికి తీసుకెళ్లండి. పెద్ద రేకులు, కడ్డీలు తీసేసిన చోటే ఇంకోసారి తిరగండి. ఏ సెట్టింగూ చేయలేని పని అది చేస్తుంది.

నిదానం
ఇక్కడ మాత్రం తుప్పుచెవి అన్నతో నాకు తగాదా లేదు. గుంతలు పూడ్చి, గడ్డి పెళ్ల తిరిగి అమర్చండి. దున్నని నేలలో ఒకేచోట వరసగా పాత వస్తువులు బయటపడితే మాత్రం తవ్వడం ఆపి యజమానికి చెప్పండి, పురావస్తు శాఖ వాళ్లు చూడాల్సిన చోటు అయ్యుండొచ్చు.