జంతువుల్ని చూపిస్తే సంరక్షణ నేర్పినట్టేనా?

నీటికాకి:
సఫారీకి వెళ్ళొస్తే జంతువుల మీద ప్రేమ పెరుగుతుంది, సంరక్షణకు అదే తొలిమెట్టు అని అందరూ అంటారు. ప్రేమ సరే, ఖర్చు ఎవరి నెత్తిన పడుతోంది? కెన్యాలోని మసాయ్ మారా చీటాల మీద 2018లో ఒక పరిశోధన వచ్చింది. పర్యాటకుల తాకిడి ఎక్కువున్న చోట తల్లి ఒక్కో ఈతకు సగటున 0.2 పిల్లల్నే పెంచి పెద్ద చేయగలిగింది. తక్కువున్న చోట 2.3. చీటా పగటిపూట వేటాడుతుంది. పొంచి ఉన్నప్పుడు చుట్టూ జీపులు మూగితే వేట చెడుతుంది. తల్లికీ పస్తే, పిల్లలకీ పస్తే. చూసొచ్చినవాళ్ళు ఏం నేర్చుకున్నట్టు?

రాత్రికాపు:
లెక్కతో పేచీ లేదు. కానీ అది అదుపులేని పర్యాటకం లెక్క. తాబేళ్ళు గుడ్లుపెట్టే తీరం చూడండి. ఒడ్డుకెక్కి గొయ్యి తవ్వుతున్న తాబేలు ఎవరైనా కదిలినా, తెల్ల లైటు వేసినా గుడ్లు పెట్టకుండానే వెనుదిరగొచ్చు. అందుకే గుడ్లు పెట్టడం మొదలయ్యేదాకా జనాన్ని దూరంగా చీకట్లో కూర్చోబెట్టాలి. తర్వాతే, మసక ఎర్ర లైటుతో, వెనకవైపు నుంచి. ఆ ఎదురుచూపులోనే గైడ్ అసలు సంగతి చెప్పాలి: పిల్లలు ఇసుకలోంచి పైకి రాగానే వెలుతురున్న దిక్కుకే పాకుతాయి. మామూలుగా అది సముద్రం వైపు. వీధిదీపాలు దాన్ని మించితే రోడ్డెక్కుతాయి. ఇది విన్నవాడు తను దిగిన గదిలో బాల్కనీ లైటు ఆర్పుతాడు. బోర్డు మీద రాస్తే ఎవడూ ఆర్పడు.

నీటికాకి:
ఆర్పుతాడని మీ నమ్మకం. టిప్పు ఇచ్చేది పర్యాటకుడే కదా. "ఇంకాస్త దగ్గరకు పోనీ" అంటే డ్రైవర్ కాదనగలడా?

గడ్డిపరక:
డ్రైవర్ మంచితనం మీద వదిలేస్తే కాదనలేడు, నిబంధన ఉండాలి. రువాండాలో కొండ గొరిల్లాల ఒక్కో గుంపు దగ్గరకు రోజుకు 8 మందే, అదీ ఒక్క గంటే. 2017 నుంచి విదేశీ పర్యాటకుడికి పర్మిట్ 1,500 డాలర్లు. పార్కు ఆదాయంలో 10 శాతం చుట్టుపక్కల ఊళ్ళకు పోతుంది. అంత కట్టినా జలుబుంటే దగ్గరకు రానివ్వరు, మన ఊపిరితిత్తుల జబ్బులు వాటికి అంటుకుంటాయి కాబట్టి. ఈ కారణం కొండెక్కక ముందే చెప్పాలి. గొరిల్లా కనబడ్డాక ఎవరి చెవికీ ఏదీ ఎక్కదు, చూపంతా ఫోన్ల మీదే. ఇంకోటి, తిరిగి దిగీ దిగగానే నింపించే అభిప్రాయ ఫారాలు దండగ. ఆ ఊపులో అందరూ ఐదుకు ఐదే వేస్తారు. మూడు నెలలాగి అడగండి, ఏం మానేశారో.

నీటికాకి:
అడగండి. పనిలో పని, ఆ మూడు నెలల్లో ఎన్ని చీటా పిల్లలు మిగిలాయో కూడా లెక్కపెట్టించండి. నాకు కావలసింది ఆ లెక్క.