లింక్డ్ డివైసెస్‌లో ఎవరిదో క్రోమ్ కనిపించింది, లాగౌట్ చేస్తే సరిపోతుందా?

కూకట్‌పల్లి_08 అడిగారు:

అందరికీ నమస్తే. మా బాబాయ్ వాట్సాప్ గురించి అడుగుతున్నా, తెలిసినవాళ్లు కాస్త వివరంగా చెప్పండి. ఆయనది ఇక్కడే లైనింగ్ బట్టలు, లేసుల షాపు, ఆర్డర్లన్నీ వాట్సాప్‌లోనే వస్తాయి. పాత కస్టమర్ నంబర్ నుంచి "ఇందులో ఉన్నది మీరేనా చూడండి" అని ఒక లింక్ వచ్చింది. నొక్కితే అచ్చం ఫేస్‌బుక్‌లాంటి పేజీ, ఫోటో కనపడాలంటే ఫోన్ నంబర్ కొట్టమంది, కొట్టగానే ఒక కోడ్ చూపించి దాన్ని వాట్సాప్‌లో వేయమంది. వేశారు. ఫోటో రాలేదు, షాపులో రద్దీ ఉండి ఆయన ఆ సంగతే మర్చిపోయారు.

తర్వాత నుంచి ఆయన పేరుతో కస్టమర్లకు "అర్జెంటుగా డబ్బులు కావాలి, సాయంత్రానికి వేసేస్తా" అని మెసేజ్‌లు వెళ్తున్నాయి. నేను వెళ్లి సెట్టింగ్స్‌లో "లింక్ చేసిన పరికరాలు" తెరిస్తే గూగుల్ క్రోమ్ (విండోస్) అని ఉంది, కింద "చివరిగా యాక్టివ్ ఈ రోజు" అని టైమ్ కూడా ఉంది. ఆ టైమ్‌కి బాబాయ్ షాపులో కొలతలు వేస్తున్నారు, షాపులో కంప్యూటరే లేదు. వెంటనే లాగౌట్ కొట్టా.

నాకు అర్థం కానిది ఏంటంటే, ఓటీపీ ఎవరికీ చెప్పలేదు, సిమ్ ఫోన్‌లోనే ఉంది, టూ స్టెప్ పిన్ కూడా పెట్టుకున్నారు. మరి ఎన్‌క్రిప్షన్ ఉండి ఏం లాభం? ఇంట్లో అందరూ టెలిగ్రామ్‌కో సిగ్నల్‌కో మారిపోదాం అంటున్నారు.

మాదాపూర్_నైట్‌షిఫ్ట్:

అన్నా, లాగౌట్ చేయడం కరెక్టే. ఈ పద్ధతికి ఘోస్ట్‌పెయిరింగ్ అని పేరు పెట్టారు, 2025 డిసెంబర్‌లో కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సర్ట్-ఇన్ కూడా దీని మీద హెచ్చరిక ఇచ్చింది. బాబాయ్ నంబర్ కొట్టగానే ఆ దొంగ పేజీ వాళ్లు అదే నంబర్‌తో తమ బ్రౌజర్‌లో వాట్సాప్ వెబ్ తెరిచి "ఫోన్ నంబర్‌తో లింక్ చేయి" అంటారు, వాట్సాప్ వాళ్లకి 8 అక్షరాల కోడ్ ఇస్తుంది, ఆ కోడే బాబాయ్‌కి చూపించారు. ఆయన దాన్ని తన ఫోన్‌లో వేశారంటే, వాట్సాప్ దృష్టిలో ఆయనే తన ఇంకో కంప్యూటర్‌ని ఒప్పుకున్నట్టు. ఇక్కడ పాస్‌వర్డ్ దొంగతనం లేదు, సిమ్ మార్పిడి లేదు, అందుకే ఓటీపీ జాగ్రత్తలేవీ అడ్డు రాలేదు. టూ స్టెప్ పిన్ అడిగేది వేరే ఫోన్‌లో ఆ నంబర్‌ని కొత్తగా రిజిస్టర్ చేసేటప్పుడు, డివైస్ లింక్ చేసేటప్పుడు అడగదు. అయినా పిన్ తీసేయకండి, దాని పని దానికుంది.

ఎన్‌క్రిప్షన్ పనికిరాదనుకోవద్దు. 2016 నుంచి వాట్సాప్‌లో సిగ్నల్ ప్రోటోకాలే (సిగ్నల్ యాప్ వాడే ఎన్‌క్రిప్షన్ పద్ధతే) నడుస్తోంది, దారిలో ఎవరూ చదవలేరు. కానీ లింక్ అయిన ప్రతి డివైస్‌కి సొంత తాళంచెవి ఉంటుంది, పంపేవాళ్ల ఫోన్ మెసేజ్‌ని ఒక్కో డివైస్‌కి విడిగా తాళం వేసి పంపుతుంది. దొంగ క్రోమ్ కూడా ఆ లిస్టులో చేరిపోతే దానికీ ఒక కాపీ దర్జాగా వెళ్తుంది.

యాప్ మారితే పోయేది కాదు ఇది. సిగ్నల్‌లో కూడా ఇలాగే క్యూఆర్ కోడ్‌తో డివైస్ లింక్ చేయించి ఉక్రెయిన్ సైనికుల మెసేజ్‌లు చదవడానికి రష్యా హ్యాకర్లు ప్రయత్నించారని 2025 ఫిబ్రవరిలో గూగుల్ చెప్పింది. టెలిగ్రామ్‌లో అయితే మామూలు చాట్లకు ఎండ్ టు ఎండ్ ఎన్‌క్రిప్షనే లేదు, సీక్రెట్ చాట్ విడిగా తెరిస్తేనే ఉంటుంది. కస్టమర్లందరూ వాట్సాప్‌లో ఉంటే బాబాయ్ అక్కడే ఉండనివ్వండి, లింక్డ్ డివైసెస్ లిస్టు మాత్రం అప్పుడప్పుడు తెరిచి చూడమనండి.

దిల్‌సుఖ్‌నగర్_అక్క:

తమ్ముడూ, లాగౌట్ అయ్యాక కొత్త మెసేజ్‌లు వాళ్లకి వెళ్లవు, నిజమే, కానీ లింక్ అయినప్పుడు పాత చాట్లు కూడా చాలావరకు అటు వెళ్తాయి. వాళ్లు దాచుకున్నది వెనక్కి రాదు. కాబట్టి బాబాయ్ పక్కన కూర్చుని చాట్లలో ఆధార్, పాన్, పాస్‌బుక్ ఫోటోలు ఏవేవి పంపారో వెతకండి. మన ఇళ్లలో పిన్ నంబర్లు కూడా పిల్లలకి వాట్సాప్‌లో పంపేస్తారు, అలాంటివి ఉంటే ఈ రోజే మార్చేయండి. ఆధార్ బయోమెట్రిక్ లాక్ (వేలిముద్రలు ఎవరూ వాడకుండా) ఆధార్ ఇచ్చే సంస్థ ఉడాయ్ సైట్‌లో చేసుకోవచ్చు. కస్టమర్లకి మెసేజ్ కాకుండా ఫోన్ చేసి చెప్పండి, ఆ నంబర్ నుంచి వచ్చే మెసేజ్‌ని ఇప్పుడు వాళ్లు నమ్మరు, నమ్మకూడదు కూడా. ఎవరైనా డబ్బు వేసి ఉంటే వేసినవాళ్లే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి. ఆలస్యమయ్యే కొద్దీ డబ్బు ఖాతాలు మారిపోతుంది, ఆపడం కష్టం.

కూకట్‌పల్లి_08:

చాలా థ్యాంక్స్ అన్నా, అక్కా. ఒక కస్టమర్ నిజంగానే డబ్బు వేశారట, ఇప్పుడే తెలిసింది, 1930కి చేయిస్తున్నా. ఇంకో డౌట్, నా ల్యాప్‌టాప్‌లో వాట్సాప్ డెస్క్‌టాప్ ఉంది, విండోస్ 10. ఆ దొంగ, బాబాయ్ నంబర్ నుంచి నాకు కూడా ఒక ఫోటో పంపాడు, తెరవలేదు. దాని వల్ల ఏమైనా అవుతుందా?

సీటీసీ_సర్వీస్:

తెరవకపోవడం మంచిదైంది, డిలీట్ చేసేయండి. విండోస్ వాట్సాప్‌లో 2025 ఏప్రిల్‌లో బయటపడిన లోపం ఒకటుంది, ఫైల్ చూపించేటప్పుడు లోపల రాసిన రకాన్ని బట్టి ఫోటో అని చూపించేది, తెరిచేటప్పుడు మాత్రం పేరు చివర ఉన్న ఎక్స్‌టెన్షన్ ప్రకారం తెరిచేది. అంటే ఫోటో అనుకుని నొక్కితే ప్రోగ్రామ్ నడిచే వీలుంది. 2.2450.6 వెర్షన్‌లో సరిచేశారు, సెట్టింగ్స్‌లో మీ వెర్షన్ అంతకంటే పాతదేమో చూసుకోండి. మా దగ్గరికి వచ్చే సిస్టమ్‌లలో అప్‌డేట్ ఆపేసినవే ఎక్కువ, నెట్ స్లో అవుతుందని ఆపేస్తారు, ఇది చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది.

విండోస్ 10కి మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో అయిపోయింది. ల్యాప్‌టాప్ 11కి సరిపోతే ఎక్కించండి, సరిపోకపోతే ఈఎస్‌యూలో (సపోర్ట్ అయిపోయాక కూడా సెక్యూరిటీ అప్‌డేట్లు ఇచ్చే మైక్రోసాఫ్ట్ స్కీమ్) చేర్చుకుని సెక్యూరిటీ ప్యాచ్‌లు తెచ్చుకోండి. బాబాయ్ ఫోన్‌లో ఇంకోటి కూడా చూడండి, ఆ పాత కస్టమర్ నంబర్ నుంచి శుభలేఖ అనో చలాన్ అనో ఏపీకే ఫైల్ (ఆండ్రాయిడ్ యాప్ ఎక్కించే ఫైల్) వచ్చి ఇన్‌స్టాల్ అయ్యిందేమో. అలాంటివి ఎస్సెమ్మెస్ పర్మిషన్ తీసుకుని ఓటీపీలు అటు పంపిస్తాయి, లింక్డ్ డివైసెస్ లిస్టులో కనపడవు. ఉంటే ముందు డేటా, వైఫై ఆపి ఆ యాప్ తీసేయండి, బ్యాంక్ పాస్‌వర్డ్‌లు వేరే ఫోన్ నుంచి మార్చండి.