తొట్లకొండలో దొరికినవి తొట్లకొండ మీదే ఉండాలా?

భీమిలి రోడ్డు:
ఈమధ్య ఢిల్లీ నేషనల్ మ్యూజియం చూసొచ్చాను. అమరావతి, నాగార్జునకొండ శిల్పాల దగ్గర చాలాసేపు నిలబడిపోయాను. బాగానే చూసుకుంటున్నారు, కాదనను. అయినా నా మాట ఒకటే, ఏ ఊళ్లో దొరికింది ఆ ఊళ్లోనే ఉండాలి. విశాఖ దగ్గరి మన బౌద్ధ క్షేత్రం తొట్లకొండనే తీసుకోండి. 1988-93 తవ్వకాల్లో మహాస్తూపం, విహారాలతో పాటు శాతవాహనుల నాణేలు, రోమన్ వెండి నాణేలు బయటపడ్డాయి. కొండ మీంచి చూస్తే ఎదురుగా సముద్రం. రోమ్ నాణెం భిక్షువుల కొండకి ఎలా చేరిందో అక్కడ నిలబడ్డవాడికి ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు. ఇప్పుడేమో జనం పునాదుల దగ్గర ఫొటోలు దిగి వెళ్లిపోతున్నారు. చూడ్డానికి ఇంకేం పెట్టాం గనక?

అనకాపల్లి మాస్టారు:
మీ బాధ అర్థమైందండీ, కానీ ఒప్పుకోలేను. మా శంకరం దగ్గర బొజ్జన్నకొండ ఉంది. గుహలు, ఏకశిలా స్తూపాలు, కదిలించే వీల్లేనివి. కనుమ నాడు రాక్షసుడనుకుని జనం అక్కడ రాళ్లు రువ్వేవారు! ఉన్నచోట ఉన్నంత మాత్రాన భద్రం కాదు. అమరావతి సంగతి మరీ ఘోరం. 1797లో బ్రిటిష్ సర్వే అధికారి కాలిన్ మెకంజీ వెళ్లేసరికే స్తూపం రాళ్లని ఊరి కట్టడాలకి లాక్కుపోతున్నారు. సున్నపురాయి కదా, కొన్ని సున్నం కోసం కాల్చేశారు కూడా. మద్రాసుకీ లండన్‌కీ వెళ్లినవి ఆ గతి తప్పించుకున్నాయి. నాగార్జునకొండ లోయ సాగర్ నీళ్లలో మునిగింది. ముందే తవ్వి తరలించకపోతే ఏం మిగిలేది?

భీమిలి రోడ్డు:
మాస్టారూ, నాగార్జునకొండ నా వైపు సాక్ష్యం. మునగని కొండ మీదే మ్యూజియం కట్టారు, లాంచీ ఎక్కి వెళ్లి చూస్తున్నాం. కాపలా లేకపోతే కాపలా అడగాలి గానీ వస్తువుని పంపించేస్తామా? 2019 వానలకి తొట్లకొండ మహాస్తూపం కొంత కూలింది. రోజూ కనిపెట్టుకునే మనుషులు కొండ మీద కావాలి. మ్యూజియం ఉంటే వాళ్లూ ఉంటారు.

ఎంవీపీ కాలనీ:
ఇద్దరూ ఉప్పుగాలి సంగతి మర్చిపోయారు. మన ఊళ్లో కిటికీ ఊచలకి పట్టే తుప్పు చూశారుగా. పాత లోహానికి తేమ తగలని గది కావాలి, కరెంటు పోకూడదు, రాత్రి కాపలా ఉండాలి. కొండ మీద అవన్నీ ఎవరు నడుపుతారు? బీచ్ రోడ్డులో విశాఖ మ్యూజియం ఉంది, ముందు అందులో ఒక మంచి గది అడగండి.

భీమిలి రోడ్డు:
నాణేల వరకు సరే, ఊళ్లో గదిలో పెట్టండి. కొండ మీద వాటి అచ్చులు పెడదాం, పక్కన ఒక గైడు.

అనకాపల్లి మాస్టారు:
అచ్చుల కోసం పిల్లల్ని కొండెక్కించమంటారా? అసలువి ఎక్కడుంటే అక్కడికే తీసుకెళ్తాను, ఢిల్లీ అయినా సరే.