నాటు రేగు మీద ఉమ్రాన్ కన్ను పట్టడం లేదు

మెట్టరైతు: మాది కనిగిరి దగ్గర మెట్ట పొలం. గట్టు మీద మూడు నాటు రేగు చెట్లున్నాయి, మా తాత పెంచినవి. కాయ చిన్నది, పులుపు. వాటి మీద పెద్ద కాయ కాసే ఉమ్రాన్ రకం రేగు కన్ను అంటు కడదామని ఫిబ్రవరిలో, కాయలు దులిపిన వారానికే, పాత కొమ్మల మీద పన్నెండు కళ్లు పెట్టాను. ఒక్కటీ బతకలేదు. బెరడు లేపబోతే కట్టెను వదలకుండా పీచులు పీచులుగా వచ్చింది. తప్పు కత్తిదా, కన్నుదా? చెట్లు కొట్టేసి అంటు మొక్కలు పెట్టుకోమంటున్నారు, నాకు మనసొప్పడం లేదు.

గంగరేగు: చెట్లు తీయించకు తమ్ముడూ. రేగు తల్లివేరు చాలా లోతుకు దిగుతుంది. సంచిలో పెరిగిన మొక్కకు అదే వేరు అడుగున చుట్టుకుపోతుంది. నీ గట్టు మీద ఇన్నేళ్ల వేరు ఉంది, మెట్టలో అంతకన్నా ఆస్తి ఏముంది?

తప్పు కత్తిది కాదు, కాలానిది. బెరడు పీచుగా వచ్చిందంటే చెట్టులో రసం ఆడటం లేదు. అప్పుడు ఎంత మంచి కన్ను పెట్టినా ఎండిపోతుంది. మే నెలలో, చెట్టు ఆకు రాల్చి ఉన్నప్పుడు, మోకాలెత్తున కోసెయ్. తొలకరికి చిగుళ్లు గుంపుగా లేస్తాయి. బలమైనవి రెండు మూడు ఉంచి మిగతావి తీసెయ్. జులైలో పెన్సిలంత లావయ్యాక కట్టు. ముందు ఒక చోట గాటు పెట్టి చూడు: బెరడు తడిగా, జారుతున్నట్టు లేస్తేనే పని మొదలుపెట్టు. లేవకపోతే వాన పడేదాకా ఆగు.

కన్ను పుల్లల, అంటే కళ్ల కోసం ఉమ్రాన్ చెట్టు నుంచి కోసిన కొమ్మల, ఆకులు కోసేసి కాడ ముక్క మాత్రం ఉంచు. తడి గోనెలో చుట్టి, తెచ్చిన రోజే వాడెయ్. చిగురు బెరడు మీద టి ఆకారంలో అంగుళం గాటు చాలు, కన్ను అందులోకి దూర్చి కట్టు.

తోటపని: ఒక్క మాట. కన్ను మీద కట్టే పట్టీ కింది నుంచి పైకి చుట్టండి, ఇంటి పెంకుల్లా ఒకదాని మీదికొకటి వచ్చి వాన నీరు లోపలికి దిగదు. కన్ను మాత్రం బయటికి కనపడాలి. నేను మొదటి ఏడు పైనుంచి చుట్టి సగం కళ్లు కుళ్లబెట్టుకున్నాను. చిగురు సాగాక పట్టీ విప్పడం మరవకండి, బెరడును కోసేస్తుంది.

గంగరేగు: అవును, అది నేను చెప్పాల్సింది. కన్ను కింద నాటు చిగుళ్లు మళ్లీ మళ్లీ వస్తాయి, కనపడినప్పుడల్లా గిల్లెయ్. వదిలేస్తే చెట్టు మళ్లీ నాటుదే అవుతుంది. ఏటా మేలో కత్తిరింపు కూడా తప్పదు, కాయ కొత్త కొమ్మ మీదే కదా వచ్చేది.

మెట్టరైతు: అన్నా, ఆగస్టులో రాస్తున్నాను. రెండు చెట్లే కోశాను. మూడోది అమ్మ ముట్టుకోనివ్వలేదు, మనవరాలికి భోగిపళ్లు పోయాలంటే ఆ చిన్న కాయలే కావాలంది. జులైలో రెండో వాన పడ్డాక ఆరు కళ్లు కట్టాను. ఈసారి బెరడు గోటితోనే లేచింది. నిన్నటికి పదహారు రోజులు. రెండింటి కాడలు నల్లగా ఎండి అంటుకుపోయాయి. మిగతా నాలుగూ పసుపు పచ్చగా ఉన్నాయి, వేలు తగలగానే రాలిపోయాయి. కింద కన్ను పచ్చగా ఉంది, అంటే ఆ నాలుగూ పట్టినట్టే.